అడ్డపొగ

తూర్పు కనుమల యొడిలో, ఒడిశా సరిహద్దునకు చేరువగా, గుమ్మలక్ష్మీపురము అను గ్రామము కలదు. అది పార్వతీపురము మన్యము జిల్లాలో ఒక మండలమునకు ముఖ్యస్థానము. చుట్టును పచ్చని కొండలు; కొండల నడుమ గెడ్డలు; గెడ్డల యొడ్డున వరిమళ్లు; వాలులయందు పోడు చేలు, జీడిమామిడి తోటలు. ఇచ్చటి కొండపల్లెలలో జాతాపులును సవరలును విశేషముగా నివసించుచున్నారు. వారు శ్రమజీవులు. తెల్లవారకమునుపే లేచి చేనికో అడవికో పోవుదురు. చింతపండు, కొండచీపుళ్లు, పసుపు మొదలగు వానిని సంతకు మోసికొనివచ్చి అమ్మి, ఉప్పు, నూనె, బట్టలు కొనుక్కొని యిండ్లకు మరలుదురు. అట్లు కొనుక్కొనిపోవు సరకులలో పొగాకు కట్టయు ఒకటి. సంతలోని వస్తువులన్నింటిలోను కొన్నవారినే కాల్చివేయు వస్తువు అది యొక్కటియే.

పొగాకును చుట్టగా చుట్టి, దారము కట్టి, ఒక కొనను అంటించి, రెండవ కొనను పెదవుల నడుమ నుంచుకొని పొగ పీల్చుట లోకమున నెల్లెడల కానవచ్చు పద్ధతి. ఉత్తరాంధ్ర తీరమునందును మన్యమునందును ఇంకొక పద్ధతి చిరకాలముగా నున్నది. చుట్ట కొంత కాలిన పిమ్మట దానిని త్రిప్పి, నిప్పున్న కొనను నోటిలో నుంచుకొని, పెదవులు బిగించి పొగ పీల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. పురుషులకంటె స్త్రీలలో, అందును వయసు మీరిన స్త్రీలలో, ఈ యలవాటు హెచ్చు. ఇది తెలుగునాటి వింత మాత్రమే కాదు. ఫిలిప్పైన్సు దీవులలోను, ఇటలీ దేశమునకు చెందిన సార్డీనియా ద్వీపములోను, పనామా, కొలంబియా దేశములలోను ఇట్టి యలవాటు ఉన్నట్లు వైద్యులు గుర్తించిరి.

నోటిలో నిప్పు పెట్టుకొనుట యేల యని క్రొత్తవారికి ఆశ్చర్యము కలుగును. దానికి పల్లెవారు చెప్పు కారణములు పెక్కు. సముద్రపు గాలికి, కొండగాలికి నిప్పు ఆరిపోదు. రెండు చేతులకును పని యున్నపుడు బూడిద రాల్చుటకు చేయి యెత్తనక్కరలేదు. చంకనున్న బిడ్డపై నిప్పురవ్వ పడదు. చుట్ట తడిసి నెమ్మదిగా కాలుటచేత చాలసేపు నిలుచును. చలికి వెచ్చగా నుండును. ఈ కారణములు కొట్టివేయదగినవి కావు. కాయకష్టము చేయువారి బ్రతుకునుండి పుట్టినవి. అసలు కారణము మాత్రము వేరొకటి. తల్లి త్రాగుట బిడ్డ చూచును; అవ్వ చేతి చుట్ట మనుమరాలు చూచును. "చుట్ట ముట్టించి తే" యని పిల్లలను పొయ్యి కడకు పంపుట పల్లెలలో క్రొత్త గాదు. నిప్పు రాజుకొనుటకై పిల్ల ఒక్క దమ్ము లాగును. అంతటితో అలవాటు ఒక తరమునుండి మరియొక తరమునకు దిగిపోవును.

పొగాకు ఈ దేశమున పుట్టినది కాదు. అది అమెరికా ఖండపు మొక్క. 1492వ సంవత్సరమున కొలంబసు ఆ ఖండపు దీవులను చేరిన పిమ్మట ఐరోపావారికి పొగాకు పరిచయమయ్యెను. పోర్చుగీసు వర్తకులు దానిని భారతదేశమునకు తెచ్చిరి. పదునేడవ శతాబ్దపు తొలినాళ్లలో అసద్‌బేగు అను ఉద్యోగి బిజాపురమునుండి పొగాకును, హుక్కాను తీసికొనిపోయి అక్బరు చక్రవర్తికి సమర్పించెను. అక్బరు కుమారుడగు జహంగీరు దాని కీడును గ్రహించి 1617లో పొగత్రాగుటను నిషేధించెను. రాజాజ్ఞ నిలువలేదు, పొగాకు నిలిచినది. ఆంధ్రదేశపు లంకభూములలో అది పండుటయు, ఊరూర చుట్ట వ్యాపించుటయు జరిగెను. విజయనగరమున నివసించిన గురజాడ అప్పారావుగారు తమ "కన్యాశుల్కము" నాటకమున ఈ విషయమును మరువలేదు. అందలి గిరీశము వెంకటేశమను బాలునకు చదువు చెప్పుటకు కుదిరి, చదువుకంటె ముందు చుట్టకాల్చుట నేర్పును. ప్రేక్షకులు నవ్వుదురు. కాని, పొగయలవాటు లోకమున వ్యాపించు తీరు అంతయు ఆ నవ్వులోనే యున్నది. పెద్దవాడొకడు గొప్పకై పొగ విడుచును. చిన్నవాడొకడు పెద్దవాడు కావలెనని దానిని పీల్చును.

అడ్డపొగ వలన కీడేమియు లేదని చాలకాలము జనులు నమ్మిరి. మొట్టమొదట సందేహము కలిగినది విశాఖపట్టణపు వైద్యులకు. లోకమున నోటి రాచపుండు, అనగా క్యాన్సరు, సాధారణముగా నాలుకకో బుగ్గకో వచ్చుచుండగా, ఈ ప్రాంతమునుండి వచ్చు రోగులలో అంగిలికి వచ్చుట తరచుగా కానవచ్చెను. అంగిలి యనగా నోటిలోని పైకప్పు. ఇతర ప్రాంతములలో ఆ చోట రాచపుండు పుట్టుట అరుదు. ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులు 1950వ దశకముననే ఈ విషయమును పరిశీలించి, అంగిలి రాచపుండునకును నోటిలోని నిప్పునకును సంబంధమున్నదని ప్రకటించిరి.

తరువాత 1966వ సంవత్సరమునుండి బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు, డాక్టరు ఎఫ్. ఎస్. మెహతాగారి నాయకత్వమున, దేశములోని అయిదు జిల్లాలలో ఇల్లిల్లు తిరిగి జనుల నోళ్లు పరీక్షించిరి. ఆ అయిదింటిలో శ్రీకాకుళము జిల్లా యొకటి. గుమ్మలక్ష్మీపురముతో కూడిన పార్వతీపురము తాలూకా ఆ కాలమున శ్రీకాకుళము జిల్లాలోనిదే. 1979లో అది విజయనగరము జిల్లాలోను, 2022లో నేటి జిల్లాలోను చేరినది. డెన్మార్కు దేశపు పండితుడు పిండ్‌బోర్గు ఈ పరిశోధనలో పాల్గొనెను. శ్రీకాకుళము జిల్లా పల్లెలలో వారు పరీక్షించినవారు 10,169 మంది. వారిలో నూటికి సుమారు 44 మంది అడ్డపొగ త్రాగువారు! అట్టివారి అంగిళ్లపై తెల్లని మందపు పొరలు, ఎఱ్ఱని చుక్కలు, పుండ్లు కనబడెను. అంగిలి రాచపుండు సోకినవారందరును అడ్డపొగ త్రాగువారే. ఈ ఫలితములు 1971లో ప్రకటింపబడినవి. అంతవరకు "మా యవ్వ త్రాగినది, ఆమెకేమి కాలేదు" అను మాట యొక్కటే ప్రమాణముగా నుండెను. పదివేల నోళ్లు చూచిన పిమ్మట ఆ మాట నిలువలేదు.

పొగాకు కీడు చేయు విధమును విద్యార్థులు తెలిసికొనవలెను. పొగాకు కాలునపుడు పుట్టు పొగలో ఏడువేలకు పైగా రసాయన పదార్థములున్నవి. వానిలో సుమారు డెబ్బది రాచపుండు కలిగింపజాలినవి. వీనిలో ముఖ్యముగా మూడు విషయములు గమనింపదగినవి. మొదటిది తారు. ఇది జిగటగా నుండి ఊపిరితిత్తులలో పేరుకొనును. కట్టెపొయ్యి మీది దూలమునకు మసి పట్టినట్లు ఊపిరితిత్తులకు తారు పట్టును. రెండవది కార్బన్ మోనాక్సైడు అను వాయువు. ఇది రక్తములో ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమించును. అందుచే గుండె అధికముగా శ్రమపడవలసివచ్చును. మూడవది నికొటిన్. రాచపుండునకు ముఖ్య కారణము ఇది కాదు. కాని మనుష్యుని పొగకు కట్టివేయు పలుపుత్రాడు ఇదియే. పీల్చిన పొగతోడి నికొటిన్ కొద్ది క్షణములలోనే మెదడును చేరి, అచ్చట ఒకవిధమైన హాయిని పుట్టించును. అది తగ్గిన వెంటనే చిరాకు కలుగును. చిరాకు పోవుటకు మరల పొగ కావలసివచ్చును. ఈ చక్రమునకే వ్యసనమని పేరు.

అడ్డపొగలో ఈ కీడులకు తోడు నిప్పువేడిమి చేరును. అంగిలిపై నుండు మెత్తని పొర దినదినమును కమలి, మానకమునుపే మరల కమలుచుండును. అట్టి చోటనే తారు వచ్చి చేరును. గాయమునకు విషము పూసినట్లగును.

మామూలుగా పొగత్రాగువారికిని ముప్పు తప్పదు. ఊపిరితిత్తుల రాచపుండు, గుండెపోటు, పక్షవాతము, ఉబ్బసము వంటి శ్వాసరోగములు వారిని వెన్నాడుచుండును. క్షయరోగము సోకుటకును ముదురుటకును పొగ తోడ్పడును. గర్భిణి పొగత్రాగినచో బిడ్డ తక్కువ తూకముతో పుట్టును. ఇంటిలో ఒకరు త్రాగిన పొగను ఇంటివారందరును పీల్చక తప్పదు. పసిపిల్లల దగ్గునకును చెవిపోటునకును అది కారణమగుచుండును. పొగాకు వలన ప్రపంచమున ఏటేట 70 లక్షలకు పైగా జనులు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2016–17లో భారతదేశమున జరిగిన పరిశీలనలో, 15 ఏండ్లు దాటినవారిలో నూటికి 28 మందికి పైగా ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలెను. వీరిలో ఖైనీ, గుట్కా మొదలగువానిని నమలువారే యెక్కువ. నమలువారికి పొగ లేదు, నోటి రాచపుండు భయము మాత్రము ఉన్నది.

ఇట్లు చుట్ట, బీడీ, సిగరెట్టుల కీడు లోకమునకు వెల్లడియైన కాలమున, క్రొత్త వస్తువొకటి బయలుదేరెను. అది ఎలక్ట్రానిక్ సిగరెట్టు. దానినే "వేప్" అని యందురు. నేటి రూపమునకు మూలమైన యంత్రము 2003లో చైనా దేశమున హోన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞునిచే రూపొందింపబడెను. ఇందులో నిప్పు లేదు. పొగాకు ఆకు కూడ లేదు. చిన్న బ్యాటరీ యొకటి, సన్నని తీగచుట్ట యొకటి, కొంత ద్రవము ఉండును. బ్యాటరీ వలన తీగ వేడెక్కి ద్రవమును ఆవిరి చేయును. ఆ యావిరిని పీల్చుదురు. ద్రవములో నికొటినును, గ్లిసరిన్ వంటి పదార్థములును, పండ్లయొక్కయు మిఠాయిలయొక్కయు రుచులును కలిపియుందురు. కొన్ని యంత్రములు కలమువలెను, కొన్ని కంప్యూటరులో పెట్టు పెన్ డ్రైవువలెను ఉండుటచేత పెద్దలు గుర్తింపలేరు. "ఇది పొగ కాదు, ఆవిరి మాత్రమే" యని చెప్పి దీనిని అమ్మిరి. నిప్పు నోటిలో నుండుట మేలని నమ్మిన కాలమునకును, నిప్పు లేకుండుట మేలని నమ్మించు కాలమునకును పోలిక యిచ్చటనే యున్నది. రూపము మారినపుడెల్ల, "ఇది హాని లేనిది" అను మాట ముందుగా వచ్చును. పరీక్ష వెనుకగా వచ్చును.

అయినచో ఈ రెంటిలో ఏది యెక్కువ హానికరము? ఈ ప్రశ్నకు న్యాయముగా సమాధానము చెప్పవలెను. ఆకు కాలదు కావున ఆవిరిలో తారును కార్బన్ మోనాక్సైడును పొగలో నున్నట్లు ఉండవు. విషపదార్థముల సంఖ్యయు మోతాదును పొగలోకంటె తక్కువ. కనుకనే బ్రిటను వంటి కొన్ని దేశములలో, చిరకాలముగా సిగరెట్టు త్రాగుచు మానలేని పెద్దవారు దానిని పూర్తిగా విడిచి దీనికి మారుట మేలని వైద్యులు చెప్పుచున్నారు. కాని తక్కువ హాని యనగా హాని లేమి కాదు. పదియంతస్తుల మేడనుండి పడుటకంటె రెండవ అంతస్తునుండి పడుట మేలే. అందుచేత నేలపై నిలుచున్నవాడు రెండవ అంతస్తు ఎక్కి దుముకనక్కరలేదు. వేడెక్కిన ద్రవమునుండి ఫార్మాల్డిహైడు వంటి విషములును, తీగనుండి నికెలు, సీసము వంటి లోహముల సూక్ష్మకణములును ఆవిరిలో చేరుచున్నట్లు పరీక్షలలో తేలినది. సిగరెట్టు కీడు పూర్తిగా తెలియుటకు అనేక దశాబ్దములు పట్టెను. వేప్ వయసు ఇంకను చిన్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది నికొటిన్. మనుష్యుని మెదడు సుమారు 25 ఏండ్ల వరకు ఎదుగుచునే యుండును. ఆ వయసులో నికొటిన్ అలవడినచో శ్రద్ధ, జ్ఞాపకశక్తి, మనసు నిలుకడ దెబ్బతినును; వ్యసనము త్వరగా పాతుకొనును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2019లో ఉన్నత పాఠశాలల విద్యార్థులలో నూటికి 27 మందికి పైగా వేప్ వాడుచున్నట్లు ప్రభుత్వ పరిశీలనలో బయటపడెను. వారిలో చాలమంది అంతకుముందు సిగరెట్టు ముట్టినవారు కారు. పెద్దల సిగరెట్టు మాన్పింతుమని వచ్చిన వస్తువు పిల్లలకు నికొటిన్ నేర్పినది. ఆ సంవత్సరముననే అచ్చట ఆవిరి పీల్చినవారికి తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి యొకటి కనబడెను. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలైరి. 68 మంది మరణించిరి. గంజాయి సారము గల ద్రవములలో కల్తీగా కలిపిన విటమిన్ 'ఇ' ఎసిటేటు అను జిడ్డుపదార్థము దీనికి ముఖ్య కారణమని తేల్చిరి. ద్రవములో ఏమి కలిపినారో పీల్చువానికి తెలియదని ఈ సంఘటన లోకమునకు చాటినది. అటుపిమ్మట జరిగిన ప్రచారము వలనను కట్టుబాట్ల వలనను ఆ విద్యార్థులలో వాడకము 2024 నాటికి నూటికి 8 మందికి లోబడెను. పిల్లలు తెలిసికొన్నచో మానగలరనుటకు ఇది నిదర్శనము.

భారత ప్రభుత్వము 2019లో చట్టము చేసి వేప్ యంత్రముల తయారీని, దిగుమతిని, అమ్మకమును, నిల్వను, ప్రకటనను దేశమంతట నిషేధించెను. తయారుచేసినను అమ్మినను మొదటి తప్పునకు ఒక సంవత్సరము వరకు చెఱసాలయు లక్ష రూపాయల వరకు జరిమానయు, లేదా రెంటిలో నొకటియు, విధింపవచ్చును. చుట్ట, బీడీ, సిగరెట్టులను గూర్చి 2003లో వేరొక చట్టము వచ్చినది. దాని ప్రకారము 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. విద్యాలయమునకు నూరు గజముల లోపల అమ్మరాదు. పదిమంది కూడు చోట పొగత్రాగరాదు. చట్టము అంగడి తలుపు మూయగలదు. మనసు తలుపును మాత్రము ఎవరికివారే మూసికొనవలెను.

అలవాటు పడినవారు మానగలరా? మానగలరు. మానిన ఫలము వెంటనే మొదలగును. చివరి చుట్ట పారవేసిన 20 నిమిషములకే గుండె కొట్టుకొను వేగము తగ్గును. ఒక దినము గడవకమునుపే రక్తములోని కార్బన్ మోనాక్సైడు తొలగిపోవును. ఒక సంవత్సరమునకు గుండెపోటు ముప్పు సగమునకు దిగును. పది సంవత్సరములకు ఊపిరితిత్తుల రాచపుండు వలన మరణించు ముప్పు సగమగును. బ్రిటను దేశమున రిచర్డ్ డాల్ అను వైద్యుడు 1951లో ఆరంభించిన గొప్ప పరిశోధన యొకటి కలదు. ముప్పదినాలుగు వేలకు పైగా వైద్యుల జీవితములను అర్ధశతాబ్దము పరిశీలించి 2004లో దాని ఫలితములు ప్రకటించిరి. పొగత్రాగువారు త్రాగనివారికంటె సుమారు 10 ఏండ్లు ముందుగా మరణించుచున్నారని తేలెను. 60వ యేట మానినవారికి 3 ఏండ్లును, 50వ యేట మానినవారికి 6 ఏండ్లును, 40వ యేట మానినవారికి 9 ఏండ్లును, 30వ యేట మానినవారికి ఇంచుమించు ఆ 10 ఏండ్లును దక్కినవి. కనుక "ఈ వయసులో మాని యేమి లాభము?" అను అవ్వకు లెక్కతో సమాధానము చెప్పవచ్చును.

మానుట తేలిక కాదు. మొదటి రెండు మూడు దినములు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి, ఆకలి హెచ్చుట కలుగును. రెండు నుండి నాలుగు వారములలో ఇవి చాలవరకు తగ్గిపోవును. ఈ బాధ జబ్బు కాదు; శరీరము విషమును విడుచుచున్న గుర్తు. ఇది తెలియక చాలమంది మూడవనాడే మరల చుట్ట పట్టుదురు.

మానదలచినవాడు ముందుగా ఒక దినము నిర్ణయించుకొనవలెను. ఆ దినమున ఇంటిలోని పొగాకును, అగ్గిపెట్టెను కంటికి కానరాకుండ చేయవలెను. ఇంటివారికిని, తోడి పనివారికిని తన నిశ్చయము చెప్పవలెను. చెప్పిన మాటకు కట్టుబాటు కలుగును. చుట్ట ఏ వేళల గుర్తు వచ్చునో గమనింపవలెను. కొందరికి అన్నము తిన్న వెంటనే. కొందరికి తెల్లవారుజామున చలివేళ. కొందరికి చేని గట్టున విశ్రమించునపుడు. ఆ వేళకు వేరొక పని కల్పించుకొనవలెను. కోరిక పుట్టినపుడు అది కొద్ది నిమిషములకంటె నిలువదు. ఆ నిమిషములు గడచుటకు చన్నీళ్లు మెల్లగా త్రాగవచ్చును; లోతుగా ఊపిరి తీసి విడువవచ్చును; ఎండిన ఉసిరిముక్కయో, వామో, సోంపో నోటవేసికొనవచ్చును; లేచి నాలుగడుగులు నడువవచ్చును. "ఒక్కటి మాత్రమే" అను మాటను నమ్మరాదు. ఒక్కటి ఎన్నడును ఒక్కటిగా నిలువదు. ఒకమారు జారినను నిరాశ పడరాదు. మానినవారిలో చాలమంది రెండు మూడు ప్రయత్నములకు గాని గెలువలేదు.

తమంత తాము మానలేనివారికి వైద్యసహాయము కలదు. నికొటిన్ గల నమలు బిళ్లలను వైద్యుడు ఇచ్చును. నికొటినే శత్రువైనపుడు దానినే యిచ్చుట యేలయని సందేహము కలుగవచ్చును. బిళ్లలో పొగ లేదు, తారు లేదు. నికొటినును కొద్దిగా, నెమ్మదిగా చేరును. వారము వారమునకు దానిని తగ్గించి చివరకు మాన్పించెదరు. కొండనుండి దుముకక మెట్టుమెట్టుగా దిగుట వంటిది ఇది. ప్రభుత్వము 1800-11-2356 అను ఉచిత దూరవాణి సంఖ్య నేర్పరచినది. దానికి ఫోను చేసినచో శిక్షణ పొందిన సలహాదారులు ధైర్యము చెప్పి మార్గము చూపుదురు. భద్రగిరిలోని ప్రభుత్వాసుపత్రిలో గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో గాని నోటిని పరీక్ష చేయించుకొనవచ్చును. ముప్పది యేండ్లు దాటినవారి నోళ్లు పరీక్షించుట ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమములలో ఒక భాగము. నోటిలో తెల్లని లేదా ఎఱ్ఱని మచ్చ, రెండు మూడు వారములైనను మానని పుండు, గడ్డ, మ్రింగుటకు కష్టము — ఇవి కనబడినచో ఆలస్యము చేయరాదు. తొలిదశలో పట్టుకొన్న నోటి రాచపుండునకు చికిత్స కలదు.

మాటలచేత ఇంతటి అలవాటు మారునా యని సందేహించువారికి శ్రీకాకుళము జిల్లాయే సమాధానము. టాటా సంస్థ పరిశోధకులు రోగమును లెక్కించి ఊరకుండలేదు. 1970వ దశకపు చివర మరల పల్లెలకు వచ్చిరి. కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము, ఆంధ్రలోని శ్రీకాకుళము జిల్లాలలో 36,000 మందికి పైగా పొగాకు వాడువారిని ఎన్నుకొనిరి. వారిలో సుమారు 12,000 మంది శ్రీకాకుళము జిల్లావారు. ఏటేట వారి నోళ్లు పరీక్షించుచు, ఒక్కొక్కరితో ఓర్పుగా మాటలాడుచు, చలనచిత్రములు, గోడపత్రికలు, రేడియో ప్రసంగముల ద్వారా పొగాకు కీడును బోధించిరి. ఎవరిని నిందింపలేదు, ఎవరిని బెదరింపలేదు. అట్టి బోధ లేని కాలముతో పోల్చిచూడగా, మానినవారు హెచ్చిరి. నోటిలో క్రొత్తగా పుట్టు మచ్చలు తగ్గెను. 1986లో ఈ ఫలితములు ప్రకటింపబడినపుడు ప్రపంచ వైద్యులు వానిని శ్రద్ధతో చదివిరి. చదువురాని పల్లెజనులు చుట్ట మానుట, పొగాకు మాన్పింపవచ్చునని లోకమునకే పాఠమైనది.

ఈ పాఠమున విద్యార్థులకు రెండు కర్తవ్యములున్నవి. మొదటిది తాము మొదలుపెట్టకుండుట. చుట్టయైనను, సిగరెట్టైనను, రుచిగల ఆవిరియైనను, గిరీశము రూపుమార్చుకొని వచ్చినట్లే భావింపవలెను. రెండవది ఇంటిలోని పెద్దలకు తోడ్పడుట. అవ్వను తప్పుపట్టుట వలన ఫలము లేదు. ఆమె ఎండలో వానలో పనిచేసి ఇంటిని నిలిపినది. ఆమె చెంత గూర్చుండి, అంగిలిపై మచ్చ యున్నదేమో చూడనిమ్మని ప్రేమతో అడుగవలెను. ఆసుపత్రికి తోడుగా పోవలెను. ఆమె మానిన దినములు గోడపై గీతలుగా గీచి చూపవలెను. చుట్ట ముట్టించి తెమ్మన్నపుడు నిప్పు తేక, చెంబుతో నీరు తెచ్చి యిచ్చు బిడ్డ ఆ యింటి అలవాటును అచ్చటనే నిలువరించును. తల్లినుండి బిడ్డకు దిగివచ్చిన నిప్పు ఆ బిడ్డ చేతిలోనే చల్లారవలెను.

ప్రశ్నలు

1. అడ్డపొగ యనగా నేమి? జనులు ఆ పద్ధతి నవలంబించుటకు గల కారణములను వ్రాయుము.
2. శ్రీకాకుళము జిల్లాలో జరిగిన పరిశోధనల వలన ఏ విషయములు తెలిసినవి?
3. పొగకును వేప్ ఆవిరికిని గల భేదమును, పోలికను వివరింపుము.
4. "తక్కువ హాని యనగా హాని లేమి కాదు." ఈ వాక్యమును సమర్థింపుము.
5. పొగ మానదలచిన వృద్ధురాలికి నీవు ఏ విధముగా తోడ్పడుదువు?